మన కాలేజీ పూర్వ విద్యార్థుల సన్మానం ఎలా చేయాలంటే

అమ్మాయికి ఆశీస్సులు.

ఈసారి పూర్వ విద్యార్థుల సన్మానం పని నీ చేతికి వచ్చిందని తెలిసి చాలా సంతోషమేసింది. హాలు, మైకు, ముఖ్య అతిథి అంటూ టెన్షన్ పడుతున్నావట. అవి ఎలాగోలా జరిగిపోతాయి. ఎవరిని పిలవాలి, ఏం చేశారని పిలవాలి అన్నది ముందు తేల్చుకో.

నామినేషన్లు రమ్మని ఒక మెసేజ్ పెట్టి ఊరుకుంటే పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల పేర్లు, గ్రూపుల్లో రోజూ కనిపించేవాళ్ల పేర్లు మాత్రమే వస్తాయి. పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీయించు. ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరికి ఫోన్ చేసి, మీవాళ్లలో ఎవరి గురించి గర్వంగా చెప్పుకుంటారని అడుగు, వెంటనే ఆయన ఏం చేశారని అడుగు. ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబులోనే నీకు కావాల్సింది దొరుకుతుంది.

చిన్న కాలేజీలో అందరికీ అందరూ తెలుసు కాబట్టి కమిటీలో కూర్చున్నవాళ్ల స్నేహితుడో బంధువో జాబితాలో తప్పకుండా ఉంటాడు. అలాంటప్పుడు ఆ సభ్యుడు చర్చ నుంచి తప్పుకోవాలని పేర్లు రాకముందే రాసి పెట్టుకోండి, వచ్చాక పెడితే ఆ మనిషిని అనుమానించినట్టు ఉంటుంది. ఈసారి ఎంపిక కాని పేర్లు పారేయకండి, వచ్చే ఏడాదికి ఫైల్లో ఉంచండి.

ఇక్కడ చదవకపోయినా కాలేజీని కాపాడుకున్నవాళ్లు ఉంటారు చూడు, పుస్తకాలు ఇచ్చినవాళ్లు, ల్యాబ్ అటెండర్, ఫీజు కట్టలేని పిల్లల తరఫున ఎవరికీ చెప్పకుండా కట్టినవాళ్లు. వాళ్లను 'కాలేజీ మిత్రులు' అని విడిగా, సమాన గౌరవంతో పిలవాలి. జనం లేచి వెళ్లిపోతున్నప్పుడు చివర్లో పిలవడం మాత్రం అవమానమే. చిన్న కాలేజీ నిలబడేది మనుషుల వల్లే. 1821లో అమెరికాలో విలియమ్స్ కాలేజీ ప్రెసిడెంటే కొందరు విద్యార్థులను వెంటబెట్టుకుని ఆమ్‌హర్స్ట్‌లో కొత్త కాలేజీకి వెళ్లిపోతే, ఇక విలియమ్స్ పని అయిపోయిందనుకుంటున్న సమయంలో పాత విద్యార్థులు సంఘం పెట్టుకుని అండగా నిలిచారు. ఇప్పటికీ నడుస్తున్న పూర్వ విద్యార్థుల సంఘాల్లో అన్నిటికన్నా పాతది అదే.

విరాళానికీ సన్మానానికీ ముడి పెట్టకు. దాతలకు కృతజ్ఞత చెప్పాల్సిందే, దానికి వేరే సందర్భం చూడు. ఆహ్వానం ఉత్తరంలోనే బిల్డింగ్ ఫండ్ ప్రస్తావన తెస్తే వాళ్ల మనసు అక్కడే విరిగిపోతుంది.

ఇక సన్మాన పత్రం. నీ టైమంతా దీని మీద పెట్టినా తప్పులేదు. 'బహుముఖ ప్రజ్ఞాశాలి', 'విశిష్ట సేవలు అందించారు' లాంటివి రాసి, అందులో పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టి చదివి చూడు. అతికిపోయిందంటే చింపేసి మళ్లీ రాయి. ల్యాబ్ అటెండర్ అంకితభావం గురించి రాసే బదులు, ప్రాక్టికల్స్ ముందు రోజు సాయంత్రం బ్యూరెట్లు ఒక్కొక్కటీ కడిగి, బిగుసుకుపోయిన కుళాయిలకు వేసలిన్ రాసి, తిప్పి చూసి స్టాండుకు బిగించి వెళ్లేవాడని రాస్తే, ఆ ల్యాబ్‌లో చదివిన ప్రతివాడూ తలెత్తి వింటాడు. సంవత్సరాలు, డిగ్రీలు, ఇంటిపేరు స్పెల్లింగ్ వాళ్లకే పంపి సరిచూపించు, జ్ఞాపిక మీద తప్పు చెక్కించాక దిద్దలేం.

ముందు ఫోన్ చేసి ఒప్పుకుంటారో లేదో కనుక్కో. కొందరికి వేదిక ఇష్టం ఉండదు, బలవంతపెట్టకు. నడవలేనివాళ్ల ఇంటికి మీరే వెళ్లండి. చనిపోయినవారైతే కుటుంబాన్ని అడిగాకే ప్రకటించండి.

ఆ రోజు ఎక్కువమందిని పెట్టుకోకండి, ఒక్కొక్కరికీ మాట్లాడే టైమ్ ఉండాలి. ఉదయం పూట వాళ్లను క్లాసులో పిల్లలతో గంటసేపు కూర్చోబెడితే ఇంకా మంచిది, వేదిక మీద చెప్పని సంగతులు అక్కడ చెబుతారు.

పత్రాల కాపీలు లైబ్రరీలో ఉంచడం మర్చిపోకు. డ్రాఫ్టులు రాశాక నాకు పంపు, చదివి చెబుతాను.