బలం ఎటు తిప్పుతుందో తేల్చుకోవడానికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మెకానిక్స్‌లో బల భ్రామకాల దగ్గర, అంటే ఒక బిందువు చుట్టూ బలం తిప్పే ప్రభావాన్ని (బలాన్ని ఆ బిందువు నుంచి లంబదూరంతో గుణించి) లెక్కించే చోట, ప్లస్, మైనస్ గుర్తులు తారుమారవుతున్నాయని రాసి, నీవు పంపిన లెక్కలు చూశాను. గుణకారాల్లో ఎక్కడా పొరపాటు లేదు. బాణం పైకి ఉంటే అపసవ్యదిశ, కిందికి ఉంటే సవ్యదిశ అని నీవు పెట్టుకున్న సూత్రమే తప్పు. బాణాన్ని మాత్రమే చూసి తిరిగే దిశ చెప్పడం ఎవరి వల్లా కాదు, నాయనా. ఏ బిందువు చుట్టూ అన్నది ముందు తేలాలి.

4 మీటర్ల దూలం ఎడమ కొన ఎ, కుడి కొన బి దగ్గర ఆధారాల మీద ఉన్నదనీ, ఎ నుంచి 1 మీటరు దూరంలో 10 కిలోన్యూటన్ల భారం కిందికి పనిచేస్తున్నదనీ అనుకో. ఆ భారం ఎ చుట్టూ దూలాన్ని సవ్యదిశలో, అంటే గడియారపు ముల్లు తిరిగే వైపు, తిప్పజూస్తుంది. అదే భారం బి చుట్టూ అపసవ్యదిశలో తిప్పజూస్తుంది. బాణం మారలేదు, బిందువు మారింది.

అందువల్ల ముందు బిందువు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, తర్వాత బలం క్రియారేఖను, అంటే బలం పనిచేసే సరళరేఖను, రెండు వైపులా పొడిగించు. కాగితం మీద ఆ రేఖ వెంట, బాణం చూపే వైపు నీవే నడిచి వెళ్తున్నట్లు ఊహించుకో. బిందువు నీ కుడిచేతి వైపు ఉంటే సవ్యదిశ, ఎడమచేతి వైపు ఉంటే అపసవ్యదిశ, రేఖ బిందువు గుండానే పోతే భ్రామకం సున్నా. ఎ దగ్గరి ప్రతిచర్య, అంటే అక్కడి ఆధారం దూలాన్ని పైకి నెట్టే బలం, ఎ చుట్టూ తీసిన లెక్కలోకి రాకపోవడానికి కారణం ఇదే.

ఏటవాలు బలాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. బిందువుకు కుడివైపు 3 మీటర్లు, పైకి 2 మీటర్ల దూరంలో ఉన్న చోట, కుడివైపు 20, పైకి 10 కిలోన్యూటన్ల అంశాలు (అడ్డంగా, నిలువుగా విడదీసిన భాగాలు) గల బలం పనిచేస్తున్నదనుకో. పైకి ఉన్న అంశం అపసవ్యదిశలో 30, కుడివైపు అంశం సవ్యదిశలో 40 కిలోన్యూటన్ మీటర్ల భ్రామకం ఇస్తాయి. మిగిలేది సవ్యదిశలో 10. బాణం పైకి లేస్తున్నట్లు కనిపిస్తూనే సవ్యదిశలో తిప్పుతున్నది కనుక, ఇలాంటి చోట చూపును నమ్మక రెండు అంశాలనూ విడివిడిగా లెక్కించు.

ఏ దిశను ధనాత్మకంగా తీసుకున్నావో పేజీ పైభాగంలోనే రాసి, చివరి వరకు దానికే కట్టుబడు. అపసవ్యాన్ని ధనాత్మకంగా తీసుకోవడమే నాకు ఇష్టం. కుడిచేతి వేళ్లను తిరిగే వైపు ముడిస్తే బొటనవేలు చూపేదే భ్రామకం దిశ అనే కుడిచేతి నిబంధన కూడా దానితో కలిసివస్తుంది.

పై దూలంలో ప్రతిచర్యలు ఎ దగ్గర 7.5, బి దగ్గర 2.5 కిలోన్యూటన్లు రావాలి. అవి వచ్చాక భారం ఉన్న బిందువు చుట్టూ మళ్లీ భ్రామకాలు తీసి చూడు: ఎ వైపు నుంచి సవ్యదిశలో 7.5, బి వైపు నుంచి అపసవ్యదిశలో 7.5 రావాలి. అవి సమానం కాకపోతే, లెక్క మొత్తం కొట్టివేయకుండా దిశలు మాత్రమే మొదటి నుంచి సరిచూసి, నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న