నల్లగొండలో పునాదికి ముందు మట్టి పరీక్ష అవసరమా?

పక్క ప్లాటులో నాలుగడుగులకే మొరం తగిలింది కాబట్టి మాకు మట్టి పరీక్ష ఎందుకని అడిగారు. తప్పక చేయించండి. మన వైపు ఎర్ర చల్క కింద మొరం, దాని కింద గ్రానైటు రాయి ఉండటం మామూలే గానీ, నల్లరేగడి తగిలితే అది వానకు ఉబ్బి, ఎండాకాలం నెర్రెలిచ్చి, గోడలను చీలుస్తుంది.

నేల ఎంత గట్టిగా ఉందో తెలియడానికి, బోరులో దింపిన గొట్టం మీద 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, మొదటి 15 సెంటీమీటర్లను లెక్కలోకి తీసుకోకుండా, తర్వాతి 30 సెంటీమీటర్లు గొట్టం దిగడానికి పట్టిన దెబ్బలను లెక్కిస్తారు. నల్లమట్టి ఎంత ఉబ్బుతుందో తెలియడానికి, పది గ్రాముల పొడిని నీటిలో, మరో పది గ్రాములను కిరోసిన్‌లో 24 గంటలు ఉంచి పోలుస్తారు. కిరోసిన్‌లో అది ఉబ్బదు.

నివేదికలో పునాది లోతు, నేల మోయగల భారం రెండూ స్పష్టంగా రాసి ఉండాలని ముందే అడగండి.