రెడ్ లైట్ ప్యానెల్ కొనేముందు వాట్ల లెక్క చూడండి

"మేం మియాపూర్‌లో ఉంటాం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, నాకు బుగ్గల మీద మంగు. ఇద్దరికీ పనికొస్తుందని ఒక రెడ్ లైట్ ప్యానెల్ చూశాం. ఇది ఒంటికి నిజంగా ఏమైనా చేస్తుందా?" అన్నది ప్రశ్న.

మోకాళ్లకి కొంత చేయొచ్చు. మంగు కోసమైతే కొనకండి. ఇక ఒంటికి ఏం చేస్తుందన్నది, ఒంటి మీద ఎంత వెలుగు పడుతోందో తెలిస్తే కదా చెప్పగలిగేది! ఆ ఒక్క లెక్కే అమ్మేవాళ్లు సరిగ్గా చెప్పరు.

డెమోలో జరిగే తంతు చూడండి. 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు ప్యానెల్, నిండా ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ (ఎరుపు అవతల, కంటికి పెద్దగా కనబడని వెలుగు) ఎల్‌ఈడీలే. డబ్బా మీద 300 వాట్లు అని ఉంటుంది. లోపల 60 ఎల్‌ఈడీలు, ఒక్కోటి 5 వాట్లు, గుణించి అచ్చేశారంతే. ఆ కుర్రాడు ప్యానెల్‌కి 15 సెం.మీ. దూరంలో చిన్న సోలార్ మీటర్ పట్టుకుంటాడు. చదరపు సెంటీమీటరుకి 100 మిల్లీవాట్ల పైనే చూపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కూడా దాదాపు అంతే కాబట్టి చూసినవాళ్లు ఔరా అనుకుంటారు. కానీ ఆ మీటర్‌ని తయారుచేసింది ఎండని కొలవడానికి, అంటే అన్ని రంగులూ కలిసిన వెలుగుకి. అందులోని సిలికాన్ సెన్సర్ ఎరుపుకీ, దాని పక్కనున్న ఇన్‌ఫ్రారెడ్‌కీ మహా చురుగ్గా స్పందిస్తుంది. ఆ రంగులు మాత్రమే పడితే ఉన్నదానికి రెట్టింపు దాకా చూపించగలదు.

ఇప్పుడు అసలు లెక్క. ప్లగ్గుకీ ప్యానెల్‌కీ మధ్య తగిలించే వాట్ మీటర్ ఒకటి కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. ఆ 300 వాట్ల ప్యానెల్ గోడ నుంచి లాగేది 100 వాట్లు అనుకుందాం. ఎల్‌ఈడీలు మంచివే అయినా అందులో వెలుగయ్యేది ఓ 40 వాట్లు, మిగతాది వేడి. వెనక ఫ్యాన్ పెట్టేది అందుకే. 40 వాట్లంటే 40,000 మిల్లీవాట్లు. ప్యానెల్ వైశాల్యం 600 చదరపు సెం.మీ. భాగిస్తే ప్యానెల్‌కి ముఖం ఆనించినా సగటున 67 మించదు. మరి 15 సెం.మీ. అవతల 100 ఎక్కణ్ణుంచి వస్తుంది? 60 డిగ్రీల లెన్సులైతే ఆ దూరానికి వెలుగు నాలుగు వైపులా మరో 9 సెం.మీ. పరుచుకుంటుంది, అంటే 48 బై 38, సుమారు 1,820 చదరపు సెం.మీ. సగటు 22 మిల్లీవాట్లు. మధ్యలో కొంచెం ఎక్కువ, అంచుల్లో తక్కువ. డబ్బా మీది 300, మీటర్ చూపిన 100, కాకి లెక్కలంటే అవే.

ఈ 22 దొరికితే నిమిషాలు తేలిపోతాయి. మిల్లీవాట్లని సెకన్లతో గుణించి 1000తో భాగిస్తే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడ్డ శక్తి జౌల్స్‌లో వస్తుంది. 5 నిమిషాలకి 6.6. చర్మానికి సాధారణంగా 3 నుంచి 10 జౌల్స్ మధ్య వాడతారు, కాబట్టి 5 నిమిషాలు చాలు. "అరగంట కూర్చుంటే ఇంకా మంచిది కదా" అంటారు. కాదండీ. కణాల్లోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఈ వెలుగుని పీల్చుకుని శక్తి తయారీని పెంచుతుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. మోతాదు తక్కువైతే ఏమీ జరగదు, మితిమీరితే వచ్చిన లాభం కూడా పోతుంది. పప్పులో ఉప్పు లాంటిదే. అసలు ఈ విద్య బయటపడిందే బలహీనమైన వెలుగు వల్ల. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే డాక్టర్ ఎలుకల వెంట్రుకలు గొరిగి రూబీ లేజర్ వేశాడు. అది బాగా నీరసమైన లేజర్. అయినా గొరిగిన చోట వెంట్రుకలు తొందరగా మొలిచాయి.

మీ అత్తగారి విషయానికొస్తే, 660 నానోమీటర్ల (వెలుగు తరంగం పొడవుని కొలిచే లెక్క ఇది) ఎరుపు కొద్ది మిల్లీమీటర్లకే ఆగిపోతుంది. కీలు దాకా కొంతైనా వెళ్లాలంటే 850 దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ కావాలి. మోకాళ్ల మీద ఫలితం చూపిన పరీక్షల్లో వాడింది ప్యానెల్ కాదు, చర్మానికి ఆనించే లేజర్ ప్రోబ్. 785 నుంచి 860 నానోమీటర్లు, ఒక్కో పాయింటుకి 4 నుంచి 8 జౌల్స్, రోజూ అయితే రెండు వారాలు, రోజు విడిచి రోజైతే మూడు నాలుగు వారాలు. ఫిజియోథెరపిస్టు దగ్గర అలాంటి ప్రోబ్ ఉంటే ముందు అక్కడికే వెళ్లండి. ఇంట్లో ప్యానెల్‌తోనే చేస్తామంటే చీర పైకి జరిపి, రాసుకున్న బామ్ తుడిచేసి, మోకాలి లోపలి వైపు ఒకసారి, బయటి వైపు ఒకసారి పెట్టండి. తొడ కండరం వ్యాయామం మానేసి లైటు ముందు కూర్చోబెడితే ఉపయోగం లేదు. కాలు చాపి, ఓ జానెడు పైకెత్తి 5 సెకన్లు ఆపడం, పదిసార్లు.

ఇంకో గందరగోళం. సర్జికల్ షాపుల్లో అమ్మే ఎర్ర ఇన్‌ఫ్రారెడ్ బల్బు వేరు, ఇది వేరు. ఆ బల్బు పని కాపడం పెట్టడం. షుగర్ వల్ల కాళ్లు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్లకి దానితో చర్మం కాలినా తెలియదు. మామూలు తెల్ల ఎల్‌ఈడీకి ఎర్ర కాగితం చుడితే చాలని చెప్పేవాళ్లూ ఉన్నారు. తెల్ల ఎల్‌ఈడీలో 850 అన్నదే లేదు, కాగితం దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

కంటికి కనిపించే వెలుగుల్లో మంగుని బాగా రెచ్చగొట్టేది నీలం. ఎరుపు అంత పని చేయదు గానీ ప్యానెల్ వేడి మంగుకి పడదు, ఫేస్ మాస్కుల్లో చాలావాటికి మొటిమల కోసమని నీలం ఎల్‌ఈడీలు కూడా పెడతారు. చామనఛాయ చర్మం తట్టుకోగల ఈ వెలుగు మోతాదు తెల్ల చర్మం కంటే తక్కువ. ఏప్రిల్ ఎండలో స్కూటీ మీద హైటెక్ సిటీ దాకా వెళ్లొచ్చి, సాయంత్రం ఎర్ర లైటు ముందు కూర్చుంటే మంగు తగ్గుతుందా? ఆ డబ్బుతో ఐరన్ ఆక్సైడ్ ఉన్న టింటెడ్ సన్‌స్క్రీన్ కొనండి, అది కంటికి కనిపించే వెలుగుని కూడా ఆపుతుంది.

పెళ్లిళ్ల సీజన్ వస్తే ఈ లైటుతో విటమిన్ డి, డిటాక్స్, షుగర్ కంట్రోల్ అన్నీ కలిపి ప్యాకేజీలు పెడుతున్నారు. విటమిన్ డి తయారవ్వాలంటే అతినీలలోహిత బి కిరణాలు పడాలి, ఈ ప్యానెల్‌లో అవి సున్నా. షుగర్ మాటకి మూలం 2024లో వచ్చిన చిన్న ప్రయోగం. వీపు మీద 15 నిమిషాలు 670 నానోమీటర్ల వెలుగు వేసి గ్లూకోజ్ తాగించారు, షుగర్ పెరుగుదల తగ్గింది. అందులో పాల్గొన్నవాళ్లకి షుగర్ జబ్బే లేదు. దాన్ని చూపించి మాత్రలు మానమనేవాళ్లని ఏమనాలి?

కళ్లకి గాగుల్స్ తప్పనిసరి, ముఖ్యంగా 850కి. కంటికి పెద్దగా కనబడదు కాబట్టి కనుపాప ముడుచుకోదు, కానీ వెలుగు లోపలికి వెళ్తూనే ఉంటుంది. పిల్లల్ని దాని ముందు ఆడనివ్వకండి. ఫోటోడైనమిక్ చికిత్స మందు (వెలుగు పడితే పనిచేసేది) వాడుతున్నవాళ్లు, లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తి ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా దగ్గరికి వెళ్లొద్దు.

కొంటే మాత్రం వాపస్ గడువు లోపలే వాట్ మీటర్ పెట్టి చూడండి. సగం బల్బులు వెలగట్లేదని మాత్రం వెనక్కి పంపకండి, అవే 850వి. ఫోన్ ముందు కెమెరాలో చూస్తే ఊదా తెలుపులో మెరుస్తూ కనిపిస్తాయి.