గైడ్ మాట గైడ్ నోట్లోనే ఉండనీ

బాబూ,

నీ ఆగ్రా యాత్రా వ్యాసం అందింది. తెలుగు శుభ్రంగా ఉంది, అక్షర దోషాలు లేవు.

యాత్రా వ్యాసాలు పంపేవాళ్లకు జవాబులు రాయడం మానేసి చాలా కాలమైంది. పొగడకపోతే అలుగుతారు, పొగిడితే ముందుమాట అడుగుతారు. నువ్వైతే పొగడకముందే అడిగేశావు. అయినా రాస్తున్నానంటే నీ నాలుగో పేజీలో ఒక వాక్యం, పదకొండో పేజీలో ఒక వాక్యం కారణం.

నాలుగో పేజీలో ఇలా రాశావు: “ఇలాంటి కట్టడం మళ్లీ ఎవరూ కట్టకూడదని షాజహాన్ ఆ శిల్పుల చేతులు నరికించాడు.” పదకొండో పేజీలో, పాలరాయి సామాన్లు అమ్మే షోరూమ్‌లో కూర్చుని: “తాజ్‌మహల్‌ను చెక్కిన శిల్పుల వంశస్థులే ఆ విద్యను తండ్రి నుంచి కొడుకు నేర్చుకుంటూ నేటికీ ఇక్కడ పనిచేస్తున్నారు.”

చేతులు పోయినవాళ్లు కొడుకులకు ఉలి పట్టడం ఎలా నేర్పారు నాయనా? పంపే ముందు ఒక్కసారైనా తిరిగి చదువుకున్నావా?

ఏం జరిగిందో నేను ఊహించగలను. మొదటి మాట పొద్దున్నే తాజ్ దగ్గర మీ గైడ్ అన్నాడు. రెండోది మధ్యాహ్నం షోరూమ్‌లో అమ్మేవాడు అన్నాడు. ఆగ్రాలో ఏళ్ల తరబడి ఈ మాటలు చెప్తున్నది వాళ్లే. పొద్దున గైడ్‌కు మీ నోరు తెరిపించే కథ కావాలి. మధ్యాహ్నం దుకాణదారుడికి మీ పర్సు తెరిపించే కథ కావాలి. ఇద్దరి అవసరాలూ వేరు కాబట్టి కథలూ వేరు. నువ్వు ఆ ఇద్దరినీ వ్యాసంలోంచి బయటికి పంపేసి, వాళ్ల మాటలు మాత్రం ఉంచుకుని, నీ మాటలుగా చెప్పావు. వాళ్లిద్దర్నీ ఉంచి ఉంటే నీ వ్యాసంలో ఆ రోజు మొత్తం కనిపించేది. ఇప్పుడు కనిపించేది ఒక పేజీలో ఒకటి, ఇంకో పేజీలో ఇంకోటి చెప్పే రచయిత.

యాత్ర రాసేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే, విన్నవాళ్లు విసుక్కున్నా చెప్తూనే ఉంటాను. కళ్లతో చూసింది నువ్వు చెప్పు. చెవులతో విన్నది ఎవరు అన్నారో వాళ్ల చేతే అనిపించు. ఎక్కడ నిలబడి అన్నారో, అన్నాక నీ ముఖంలోకి చూశారో వాచీ చూసుకున్నారో కూడా రాయి.

చాదస్తం అనుకుంటున్నావు కదూ? “ఇరవై రెండేళ్లు, ఇరవై వేల మంది” అని రెండు చోట్ల రాశావు. ఆ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కున్నావా? తవెర్నియే అని ఒక ఫ్రెంచి రత్నాల వర్తకుడున్నాడు. మన కొల్లూరు వజ్రాల గనుల గురించి కూడా రాసినవాడే. 1676లో తన ప్రయాణాల పుస్తకం అచ్చు వేసుకున్నాడు. ఆ లెక్క అందులోది. తాజ్ పని మొదలవడమూ పూర్తవడమూ రెండూ కళ్లారా చూశానని కూడా చెప్పుకున్నాడు. పని మొదలైంది 1632లో. ఆయన ఆగ్రాకు మొదట వచ్చింది 1640 ప్రాంతంలో! ఎవరో చెప్పగా విని ఉంటాడు, ఆ ఎవరో అన్నవాణ్ణి మింగేశాడు. యమున అవతలి ఒడ్డున షాజహాన్ తన కోసం ఇంకో సమాధి మొదలుపెట్టాడనీ, కొడుకుల మధ్య యుద్ధం వచ్చి అది ఆగిపోయిందనీ రాసిందీ ఆయనే. ఆ ఒక్క మాట పెరిగి పెరిగి నల్ల తాజ్‌మహల్ అయింది, నీ అయిదో పేజీలోకి వచ్చి కూర్చుంది. 1990లలో ఆ ఒడ్డున మెహతాబ్ బాగ్‌లో తవ్వి చూస్తే బయటపడింది తోట, పెద్ద కొలను, ఫౌంటెన్లు. నల్లరాళ్లు అనుకున్నవి రంగు మారిపోయిన తెల్లరాళ్లే.

అంటే మూడు వందల యాభై ఏళ్ల కింద నీలాంటి యాత్రికుడు ఒకడు విన్నదాన్ని చూసినట్టు రాశాడు. ఆయన్ని గైడ్లు పట్టుకున్నారు, గైడ్లను నువ్వు పట్టుకున్నావు. నీ వ్యాసం చదివి రేపు ఇంకొకడు రాస్తాడు.

చేతుల కథకు ఆ కాలపు రాతల్లో ఎక్కడా ఆధారం లేదు. తాజ్ పని ఇంకా సాగుతుండగానే, 1639లో, షాజహాన్ ఢిల్లీలో కొత్త రాజధాని మొదలుపెట్టాడు. ఎర్రకోట 1648కల్లా లేచింది. చేతికింద పనివాళ్లు లేకుండానే లేచిందా? తాజ్ గోడల మీద ఖురాన్ వాక్యాలు రాసిన అమానత్ ఖాన్, ఆ తాజ్ లోపలే తన పేరు, సంవత్సరం రాసుకున్నాడు. 1638, 39 ప్రాంతం. రాళ్లు కొట్టినవాళ్లు తమ గుర్తులు రాళ్ల మీదే వేసుకున్నారు. అవి నీకు గైడ్ చూపించాడో లేదో.

అయితే చేతుల కథను కొట్టెయ్యమని అనడం లేదు సుమా. కొట్టేస్తే నేనే ఒప్పుకోను. గైడ్ చెప్పాడు, నువ్వు విన్నావు, అది జరిగిన విషయమే. అతని నోటితోనే చెప్పించు. పక్కన అమానత్ ఖాన్ సంతకాన్ని పెట్టు. తర్వాత షోరూమ్‌లో వంశస్థుల మాట రానివ్వు. నువ్వు వ్యాఖ్యానం చెయ్యనక్కర్లేదు.

ఇక టార్చి సంగతి. ఎత్మాదుద్దౌలా సమాధి దగ్గర గైడ్ ఫోన్ టార్చి వెలిగించి, పాలరాయిలో పొదిగిన ఎర్రరాయి పువ్వుకు ఆనించాడని, అది నిప్పుకణికలా మెరిసిందని రాశావు. బాగుంది. మళ్లీ పదకొండో పేజీలో షోరూమ్ వాడు లైట్లు ఆర్పించి, పాలరాయి పళ్లెం కింద టార్చి పెట్టాడు, పువ్వు మెరిసింది, మీ అమ్మగారు పళ్లెం కొన్నారు. ఇది ఇంకా బాగుంది. ఒకే టార్చి ఆటను పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఒకచోట చూసి, రెండూ ఒకటేనని నీకు తట్టలేదంటే నమ్మలేకపోతున్నాను. పొద్దున నేర్పిన ఆశ్చర్యం మధ్యాహ్నం అమ్మకానికి పనికొచ్చింది. ప్రైవేటు టూర్లో గైడ్‌కు రోజు కూలి కాక దుకాణం నుంచి కమీషన్ ఉండటం ఆగ్రాలో దాపరికమేమీ కాదు. అందుకని అతను మోసగాడని రాయకు, ఆ తేలిక తీర్పులు నాకు గిట్టవు. తాజ్ మీద బతికే ఊళ్లో అతనిదీ ఒక పర్చీకారీ, అంటే పాలరాయిలో రంగురాళ్లు పొదిగే పని. ఎక్కడ ఏ రాయి పొదగాలో తెలిసినవాడు.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను మొదటిసారి ఆగ్రా వెళ్లినప్పుడు ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దుకునేదాన్ని. గైడ్‌ను పెట్టుకునే డబ్బు లేదు. సెకండ్ క్లాసులో వెళ్లి, తాజ్ తోటలో ఇతరుల గైడ్ల వెనకాల రెండడుగుల దూరంలో నడుస్తూ వినేదాన్ని. సన్నగా పొడుగ్గా ఉన్న ఒక గైడ్, కొత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురూ వస్తే నల్ల తాజ్ గురించి, రెండు ఒడ్డుల మధ్య వంతెన గురించి కళ్లు మూసుకుని చెప్పాడు. కాసేపటికి చేతుల్లో నోటు పుస్తకాలున్న కాలేజీ మేష్టార్ల గుంపును తీసుకొచ్చాడు. అదే చోట నిలబడి, “నల్ల తాజ్ అని కొందరు చెప్తారు, నమ్మకండి” అన్నాడు. నా వైపు చూసి కన్ను గీటాడు కూడా. వెనకాల వింటున్నానని అతనికి మొదటి నుంచీ తెలుసు! సాయంత్రం గేటు బయట టీ తాగుతుంటే అడిగాను, రెండిట్లో మీరేది నమ్ముతారని. “మేడమ్, ఎవరు ఎంత దూరం నుంచి వచ్చారో చూసి చెప్తాను” అన్నాడు.

ఆ మనిషి చుట్టూ వ్యాసం అల్లి మా ఎడిటర్‌కు ఇచ్చాను. మొత్తం కొట్టేశాడు. పాఠకుడికి గైడ్ ఎందుకమ్మా, తాజ్ కావాలి అన్నాడు. వ్యాసం అచ్చులోకి వచ్చేసరికి నా గైడ్ లేడు, ‘ప్రేమకు చిహ్నం’ అని శీర్షిక, పక్కన బాక్సులో రైళ్ల టైములు. రైళ్ల టైముల్లో ఒకటి తప్పు. దానికి తిట్లు నాకొచ్చాయి. పారితోషికం అడిగితే పత్రిక కాపీలు చేతిలో పెట్టారు. ఆ ఎడిటర్ తర్వాత రోజుల్లో సాహిత్య సభల్లో “యాత్రా సాహిత్యంలో మనుషులు కనిపించడం లేదు” అని వాపోతుంటే ముందు వరసలో కూర్చుని విన్నాను.

ఇప్పటి ఎడిటర్లు ఇంకో రకం. మనుషులు కావాలంటారు, కానీ ఆ మనిషి నువ్వే అయ్యుండాలంటారు. అందుకే అందరూ తాజ్ ముందు ఏడుస్తున్నారు. కంటతడి లేని తాజ్ వ్యాసం ఈ మధ్య ఒక్కటీ నా కంటబడలేదు. నువ్వూ ఏడ్చావు, మూడో పేజీలో. పార్కింగ్ దగ్గర దిగి, బ్యాటరీ బండి ఎక్కి, టికెట్ చూపించి, బ్యాగు తనిఖీ చేయించుకుని, చెప్పులకు తొడుగులు వేసుకున్న మనిషికి అంత త్వరగా కన్నీళ్లు ఎలా వస్తాయి? తెల్లవారుజామున మూడింటికి ఢిల్లీలో కారెక్కావు కదా, నిద్రలేక కళ్లు మండి ఉంటాయి. అదే రాయి.

ఒక్క రోజు టూర్ మీద నాకు చిన్నచూపు లేదు. చాలామంది పెద్దలు చిన్నచూపు చూస్తారు, నెల రోజులు ఉంటేగాని ఊరు తెలియదంటారు. నెల రోజుల సెలవు ఎవడిస్తాడు? తాజ్, కోట, ఎత్మాదుద్దౌలా, షోరూమ్, ఫతేపూర్ సీక్రీ, రాత్రికి మళ్లీ ఢిల్లీ అంటే ఆ పరుగుకు ఒక రుచి ఉంటుంది. నీ వ్యాసంలో పరుగు లేదు. ప్రతి చోటా తీరిగ్గా నిలబడి ఉపన్యాసం ఇచ్చావు. గైడ్ వాచీ చూసుకోలేదా? డ్రైవర్ ఫోన్ చెయ్యలేదా?

ఎత్మాదుద్దౌలాను ‘బేబీ తాజ్’ అని ఒక్క పేరాలో తేల్చేశావు, టార్చి తప్ప ఏమీ లేదు. ఆ పేరూ గైడ్లదే. నూర్జహాన్ తన తల్లిదండ్రుల కోసం 1622 నుంచి 1628 దాకా కట్టించిన సమాధి అది. తాజ్‌కు పునాది పడకముందే పూర్తయింది. ముందు పుట్టినదాన్ని బేబీ అంటున్నాడని నీకు నవ్వు రాలేదా? పాలరాయి మీద అంత పొదుగు పని చేయించినది ఒక కూతురు. షాజహాన్ కన్నీళ్లకు రెండు పేజీలు ఇచ్చి ఈ కూతురికి అయిదు లైన్లు ఇచ్చావు.

సీక్రీలో ‘జోధాబాయి మహల్’ కూడా అంతే, ఆ పేరు అక్బర్ కాలపు చరిత్రల్లో దొరకదు. నీళ్లు లేక ఊరు ఖాళీ చేశారన్నది కూడా గైడ్‌కే వదిలెయ్. 1585లో కాబూల్లో తమ్ముడు మీర్జా హకీమ్ చనిపోయాక అక్బర్ వాయవ్య సరిహద్దు చూసుకోవడానికి లాహోర్ వైపు కదిలాడు. రాజు పోయిన చోటికి రాజధాని పోయింది. ఆగ్రా కోటలో బందీగా షాజహాన్ గడిపిన చివరి ఎనిమిదేళ్లు నువ్వు బాగానే రాశావు. కాకపోతే 1666లో ఆయన పోయేదాకా పక్కనే ఉన్న కూతురు జహనారా పేరు ఒక్కసారీ రాలేదు.

ఆరో పేజీ చివర ఒక వాక్యం ఉంది, అది రాసినట్టు నీకు గుర్తు కూడా ఉండదు. “గైడ్ మాతో భోజనానికి రాలేదు, డ్రైవర్లూ గైడ్లూ తినే గది వెనకాల ఉందన్నాడు.” అక్కడ నేను కాసేపు ఆగిపోయాను. అంతదాకా కారులో మీ పక్కన కూర్చుని రాజుల అంతఃపురాల్లో ఎవరు ఏ తలుపు గుండా వెళ్లేవారో చెప్పినవాడు. మీతో పూరీలు తినడానికి లేకుండా వెనక తలుపు గుండా వెళ్లాడు. ఆ గదిలో ఏం పెట్టారు, ఎవరెవరున్నారు, షోరూమ్‌కు తీసుకెళ్లే మాట అక్కడే డ్రైవర్‌తో అనుకున్నాడా? నీకు తెలియదు, అడగలేదు. తర్వాతి వాక్యంలో పనీర్ కూర రుచి మొదలుపెట్టావు.

వ్యాసాన్ని అక్కణ్ణుంచి తిరిగి రాయి. మొదటి మూడు పేజీలు తీసెయ్. గైడ్‌కు ముఖం లేదు, వయసు లేదు, ఏ భాషలో చెప్పాడో కూడా లేదు. హిందీలోనా, ఇంగ్లీషులోనా, మీకోసం రెండు తెలుగు ముక్కలు నేర్చుకున్నాడా? అతని మెడలో గుర్తింపు కార్డు ఉండి ఉంటుంది, దాని మీద ఫొటో ఎప్పటిదో చూశావా? అసలు పేరు అచ్చులో పెట్టకు, కమీషన్ సంగతి వస్తుంది కాబట్టి అతని పొట్ట మీద కొట్టినట్టవుతుంది. కొత్త పేరు పెట్టుకో.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు రాయి.

అతని నంబరు నీ ఫోన్లో ఉండే ఉంటుంది. ఈ శుక్రవారం ఫోన్ చెయ్యి. శుక్రవారాలు తాజ్ మూసేస్తారు కాబట్టి తీరిగ్గా దొరకొచ్చు. పళ్లెం గురించి మొదలుపెట్టకు, భోజనం గురించి అడుగు.

ఆశీస్సులతో,
అక్క