పీసీయా కన్సోలా, కొన్న గేమ్ మనదేనా? మీ ప్రశ్నలకి జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా డబ్బుల గురించే, ఏది కొనాలి, ఎంతలో కొనాలి, కొన్నాక అది ఎన్నాళ్ళుంటుంది అని. కాబట్టి గ్రాఫిక్స్ గొడవలు పక్కనపెట్టి వాటికే జవాబు చెప్తున్నా. కొన్ని మీకు నచ్చవని తెలుసు, తిట్టాలనుకునేవాళ్ళు వచ్చే నెలకి రాయండి, అవీ వేస్తాం.

ప్రశ్న: అన్నా, బీటెక్‌లో జాయిన్ అవుతున్నా, నాన్న 80 వేలు ఇస్తా అన్నారు. గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోనా, లేక పీఎస్5 కొనుక్కుని ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌తో చదువు లాగించనా? ఫ్రెండ్స్ అందరూ పీసీనే అంటున్నారు. (ఒంగోలు)

జవాబు: తమ్ముడూ, హాస్టలా ఇల్లా అన్నది నువ్వు రాయలేదు, అసలు విషయం అదే. హాస్టల్ అయితే చర్చే లేదు, ల్యాప్‌టాప్ తీసుకో, టీవీ ఎక్కడ పెడతావ్, పైగా రూమ్‌లో పీఎస్5 ఉందని తెలిస్తే అది నీది కాదు ఇక, ఫ్లోర్ మొత్తానిది. కానీ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్ కార్డ్ పేరు ఒక్కటే చూసి కొనెయ్యకు, అదే పేరుతో తక్కువ వాట్లదీ ఉంటుంది ఎక్కువ వాట్లదీ ఉంటుంది, స్పీడ్‌లో బాగా తేడా వస్తుంది, షాపులో ఆ వాట్లు ఎంతో అడిగి మరీ తీసుకో.

ఇంటి దగ్గర్నుంచే కాలేజీకి వెళ్ళేట్టయితే మాత్రం నా ఓటు కన్సోల్‌కే. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చింది, 2022 చివర్లో దాన్ని 54,990 చేశారు. ఇదివరకు కన్సోల్ పాతబడేకొద్దీ రేటు తగ్గేది, ఈ తరంలో అంతా రివర్స్. అయినా సరే ఆ డబ్బుకి అంత పని చేసే పీసీ కట్టలేవు, అందులోనూ 2025 చివర్నుంచి మెమరీ చిప్పులన్నీ ఏఐ సర్వర్లకే పోతున్నాయి, ర్యామ్ రేటు వింటే కళ్ళు తిరుగుతున్నాయి. ఇంకోటి, పీసీలో గేమ్ వచ్చింది కదా అని సంబరపడితే సరిపోదు, ది లాస్ట్ ఆఫ్ అజ్ మొదటి భాగం 2023 మార్చిలో పీసీకి వచ్చినప్పుడు గేమ్ మొదలెట్టక ముందే షేడర్లు (బొమ్మల్ని తెర మీద గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నాయి అని ఓ పర్సంటేజీ చూపిస్తూ కూర్చోబెట్టింది జనాన్ని, మంచి ప్రాసెసర్ ఉన్నవాళ్ళనీ వదల్లేదు.

కన్సోల్ అంటే డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకో, కొన్ని వేలు మిగులుతాయని డిజిటల్ ఎడిషన్ జోలికి వెళ్ళకు. కొత్త గేమ్ 4,999 పెట్టి కొని, నెలలో పూర్తి చేసి, అమ్మేస్తే సగం పైనే వెనక్కొస్తుంది, మన దగ్గర కన్సోల్ గేమింగ్ నడిచేదే ఇలా. సెకండ్ హ్యాండ్ కౌంటర్‌లో కుర్రాడు డిస్క్ తీసి ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పి గీతలు చూస్తాడు, గోరుతో ఓసారి తడుముతాడు, తర్వాతే రేటు చెప్తాడు, కాబట్టి డిస్క్ వెనకవైపు వేళ్ళు పెట్టే అలవాటుంటే మానుకో. మీ ఫ్రెండ్స్ వైపు కూడా న్యాయం లేకపోలేదు, పీసీలో ఆన్‌లైన్ ఆడ్డానికి విడిగా చందా కట్టక్కర్లేదు, పీసీ గేములమ్మే ఎపిక్ స్టోర్ వాళ్ళు గేములు ఊరికే ఇస్తుంటారు, 2020లో జీటీఏ 5 కూడా ఇచ్చారు. పీఎస్5లో కొన్న గేమ్‌ని ఆన్‌లైన్ ఆడాలంటే పీఎస్ ప్లస్ అనే చందా కట్టాల్సిందే. అది కూడా లెక్కలో వేసుకో.

ప్రశ్న: డౌన్‌లోడ్ చేసి కొన్న గేములు ఎప్పుడైనా మన అకౌంట్‌లోంచి పోతాయా? డబ్బులు కట్టాక కూడా తీసేస్తారా? (కరీంనగర్)

జవాబు: పోతాయి. పోయాయి కూడా. యూబీసాఫ్ట్ వాళ్ళ ది క్రూ అని కార్ల గేమ్ ఉండేది, 2014లో వచ్చింది, అమెరికా మొత్తం కారేసుకుని తిరగొచ్చు, ఒక్కడివే ఆడుకున్నా ఇంటర్నెట్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, అంతటితో ఆగకుండా కొన్నవాళ్ళ లైబ్రరీల్లోంచి లైసెన్సులు కూడా తీసేశారు, డిస్క్ ఉన్నవాడికీ అది ఇప్పుడు ప్లాస్టిక్ ముక్కే. దీంతో ఒళ్ళు మండి రాస్ స్కాట్ అనే యూట్యూబర్ స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అని ఉద్యమం మొదలెట్టాడు, యూరప్‌లో దానికి 2025 జూలైకి పది లక్షల సంతకాలు దాటాయి.

కంపెనీల వాదన ఏంటంటే సర్వర్లు ఎల్లకాలం నడపలేం అని. నడపమని ఎవరడిగారు? ఆపేముందు ఇంటర్నెట్ లేకుండా ఆడుకునేలా ఒక ప్యాచ్ ఇచ్చి పొండి అంటున్నారు అంతే. చేతకాక కాదు, గొడవ ముదిరాక అదే యూబీసాఫ్ట్ ది క్రూ 2కి 2025లో ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చింది కదా, మరి మొదటిదానికి ఎందుకివ్వలేదు అంటే జవాబు లేదు. ఈ విషయంలో నేను కంపెనీల వైపు ఒక్క అంగుళం కూడా జరగను, వేలకి వేలు పోసి కొన్నదాన్ని అద్దె ఇల్లు ఖాళీ చేయించినట్టు చేయిస్తామంటే ఎలా.

పీసీ గేములమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌ది కూడా ఇదే కథ, కాకపోతే వాళ్ళు ఓపెన్‌గా చెప్తున్నారు. 2024 అక్టోబర్ నుంచి బిల్లు కట్టే పేజీలోనే మీరు కొనేది లైసెన్స్ మాత్రమే అని రాస్తున్నారు, కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అలా చెప్పి తీరాలని చట్టం వచ్చింది మరి. నిజంగా మన దగ్గర ఉండిపోవాలంటే గాగ్ అనే షాపు ఉంది, అక్కడ ఇన్‌స్టాలర్ ఫైలే ఇచ్చేస్తారు, హార్డ్ డిస్క్‌లో దాచుకుంటే ఆ కంపెనీ ఉన్నా పోయినా గేమ్ నడుస్తుంది. కొత్తవి అన్నీ దొరకవు, పాత ఆణిముత్యాలు చాలా ఉన్నాయి. డిస్క్ ఉంటే చాలు అనుకునేవాళ్ళకి ఇంకో మాట, నింటెండో కన్సోల్ స్విచ్ 2కి వచ్చే కొన్ని గేమ్ కార్డుల్లో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. కొనేముందు డబ్బా మీద చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఫుట్‌బాల్ గేమ్‌లో ప్యాకులు కొనాలి అని వాళ్ళ నాన్న ఫోన్‌లోంచి డబ్బులు కడుతున్నాడు. ఆన్‌లైన్ గేములు బ్యాన్ చేశారన్నారు కదా, మరి ఇదెలా నడుస్తోంది? (గుంటూరు)

జవాబు: అమ్మా, మీరు చెప్పే బ్యాన్ డబ్బు పందెం పెట్టి ఆడే ఆటల మీద. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆపింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. మీ వాడు ఆడేది ఆ లెక్కలోకి రాదు, ఎందుకంటే గెలిచినా చేతికి డబ్బు రాదు. అందుకే మామూలు గేముల్ని రమ్మీతో కలిపి తిట్టేవాళ్ళతో నేను రోజూ పోట్లాడుతుంటా.

కానీ ఆ ప్యాకుల విషయంలో మీ భయం నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. లోపల ఏ ఆటగాడు వస్తాడో తెలీకుండా డబ్బు కట్టి విప్పడం, రాకపోతే ఇంకోటి విప్పడం, అది లాటరీ కాక ఇంకేంటి. బెల్జియం 2018లో ఇలాంటివి జూదమే అంది, దాంతో ఫిఫా గేమ్ తీసే ఈఏ కంపెనీ వాళ్ళు అక్కడ ఈ ప్యాకులు కొనే ఫిఫా పాయింట్లు అమ్మడం మానేశారు, మిగతా చాలా చోట్ల హాయిగా అమ్ముకుంటున్నారు. ఇప్పుడు చెయ్యాల్సింది ఏంటంటే, ఫోన్‌లో యూపీఐ పిన్ మార్చండి, స్టోర్‌లో సేవ్ అయిన కార్డ్ తీసెయ్యండి, ప్లేస్టేషన్ అయితే వాడి అకౌంట్‌ని పిల్లల అకౌంట్‌గా మీ దానికింద పెట్టుకుంటే నెల ఖర్చు సున్నాకి కట్టెయ్యొచ్చు. గేమ్ మాత్రం లాక్కోకండి ప్లీజ్, ప్యాకులు కొనకుండా కూడా అది ఆడొచ్చు, వాడికి ఆ సంగతి తెలుసు.

ప్రశ్న: వచ్చే నెల ఇంటికొస్తున్నా, మా బావమరిదికి ఇక్కడ్నుంచి పీఎస్5 డిస్కులు తేవచ్చా, పని చేస్తాయా? (డాలస్)

జవాబు: నిక్షేపంగా తేవచ్చు అండీ, ఏ దేశం డిస్క్ అయినా ఆడుతుంది. చిక్కల్లా డీఎల్‌సీతో, అంటే గేమ్‌కి విడిగా డౌన్‌లోడ్ చేసుకునే అదనపు భాగాలతో, అమెరికా డిస్క్‌కి అమెరికా స్టోర్‌లో కొన్న డీఎల్‌సీనే అతుకుతుంది, ఇండియా అకౌంట్‌లో కొన్నది అతకదు. కాబట్టి కథ మొత్తం డిస్క్‌లోనే ఉన్న గేములు చూసి తెండి. ఖాళీ ఉందని పీఎస్5 ప్రో కూడా తెచ్చేద్దాం అనుకునేముందు ఆగండి, అది 2024 నవంబర్‌లో వచ్చినప్పుడు వైఫై 7 వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మన దగ్గర అనుమతి లేదని సోనీ ఇండియాకి తేలేదు. చెడిపోతే వారంటీ ఎవరిస్తారో కనుక్కుని అప్పుడు ఆలోచించండి.

ప్రశ్న: జీటీఏ 6 పీసీకి ఎప్పుడు? (విజయవాడ)

జవాబు: 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, తర్వాత నవంబర్ 19 అన్నారు, అదీ పీఎస్5, ఎక్స్‌బాక్స్‌లకే, పీసీ మాటే ఎత్తలేదు. జీటీఏ 5 కన్సోల్‌కి 2013లో వస్తే పీసీకి 2015లో వచ్చింది. ఒకే గేమ్ రెండుసార్లు అమ్ముకోవడం తెలిసినవాళ్ళు వాళ్ళు. దీనికోసం ఇప్పుడే గ్రాఫిక్ కార్డ్ మాత్రం కొనకండి.

ప్రశ్న: గేమ్ ఆర్ట్ నేర్చుకుంటున్నా. బయట గేమింగ్ కంపెనీలు వరసగా జనాన్ని తీసేస్తున్నాయి, ఈ ఫీల్డ్‌లోకి రావచ్చా? (హైదరాబాద్)

జవాబు: రావచ్చు, కాకపోతే కళ్ళు తెరుచుకుని రావాలి. మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లు పోసి యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని కొంది, 2023 అక్టోబర్‌లో డీల్ అయింది, నాలుగు నెలలు తిరక్కుండా గేమింగ్ విభాగంలో 1,900 మందిని పంపేసింది. తీసిన గేమ్ ఫ్లాప్ అయితే ఉద్యోగం పోయిందంటే ఏదో అనుకోవచ్చు, హైఫై రష్ తీసిన మైక్రోసాఫ్ట్ స్టూడియో టాంగోని చూడండి, అందరూ మెచ్చుకున్న గేమ్, అయినా 2024 మేలో స్టూడియో మూసేస్తున్నాం అన్నారు, చివరికి మన పిల్లలు ఆడే బీజీఎంఐ తాలూకు క్రాఫ్టన్ వచ్చి దాన్ని తీసుకుంది. ఇక సోనీ వాళ్ళ కాంకర్డ్ గేమ్ అయితే 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబర్ 6కి మాయం, డబ్బులు మాత్రం తిరిగిచ్చారు, స్టూడియో అక్టోబర్‌లో మూతపడింది.

నా లెక్కలో జబ్బు బడ్జెట్లది. ఒక్కో గేమ్‌కి 20, 30 కోట్ల డాలర్లు పెడితే అది లక్షల కాపీలు అమ్ముడైనా సరిపోదు, అప్పుడు తప్పు గేమ్‌ది అంటారు, తీసేది ఆర్టిస్టుని, ఆ బడ్జెట్‌కి సంతకం పెట్టినవాడు మాత్రం సీట్లో సుఖంగానే ఉంటాడు. ఫ్రాన్స్‌లో సాండ్‌ఫాల్ అనే చిన్న స్టూడియో 30 మంది చిల్లర కోర్ టీమ్‌తో, బయటివాళ్ళ సాయం కూడా తీసుకుని, ఎక్స్‌పెడిషన్ 33 తీసి 2025లో గేమ్ ఆఫ్ ది ఇయర్ కొట్టింది, అదీ పెద్ద కంపెనీల రేటు కంటే తక్కువకి అమ్మి. మన దగ్గర ఎక్కువ ఉద్యోగాలు బయటి గేములకి బొమ్మలు చేసి పంపేవే, అది తక్కువ పనేం కాదు, అక్కడే చెయ్యి తిరుగుతుంది. కానీ సొంతంగా ఒక చిన్న సీన్ అయినా మోడల్ నుంచి లైటింగ్ దాకా పూర్తి చేసి పెట్టుకోండి, 3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఫ్రీ కదా. సగం సగం చేసిన ఇరవై కత్తులు, తుపాకులు ఉన్న పోర్ట్‌ఫోలియోలు రోజూ వస్తుంటాయి, వాటిని ఎవరూ చూడరు.

ప్రశ్న: గ్రాఫిక్ కార్డ్ లేని పాత ల్యాప్‌టాప్, వెయ్యి రూపాయల లోపు ఒక్క గేమ్ చెప్పండి. మా ఆవిడ కూడా ఆడేలా ఉండాలి. (నిజామాబాద్)

జవాబు: స్టార్డ్యూ వ్యాలీ. 2016లో ఒక్కడే కూర్చుని తీసిన గేమ్, బొమ్మలూ సంగీతం కూడా ఆయనవే, ఇన్నేళ్ళుగా అప్‌డేట్లు ఊరికే ఇస్తున్నాడు. తాత వదిలేసిన పొలం బాగు చేసుకోవడమే కథ, ఇద్దరూ కలిసి ఆడొచ్చు. స్టీమ్‌లో తీసుకుంటే 14 రోజుల్లోపు, 2 గంటలు ఆడకముందు అయితే డబ్బులు వెనక్కిస్తారు. ఆటలో రెండో రోజు విల్లీ అని చేపలాయన గాలం ఇస్తాడు, మొదట్లో ఒక్క చేపా పడదు, అందరికీ అంతే, దానికోసం రిఫండ్ పెట్టకండి.