మత్తడి మీద బస్తాలు పేరిస్తే కింది చెరువుకేమవుతుంది?

ప్రశ్న: మాది గొలుసుకట్టులో (ఒకదాని మిగులు నీరు కిందిదానికి పారే చెరువుల వరుసలో) మూడో చెరువు. పై ఊరివాళ్లు యాసంగికి (రబీ పంటకు) నీళ్లుండాలని ఏటా మత్తడి (చెరువు నిండాక నీరు పొర్లిపోయే అలుగు) మీద అడుగెత్తున ఇసుక బస్తాలు పేరుస్తున్నారు. అడిగితే, "మేం ఆపితే మీకే వరద తగ్గుతుంది కదా" అంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: చిన్న వానకు నిజమే. పెద్ద వానకు మాత్రం లెక్క తిరగబడుతుంది. మత్తడి పొడవు 60 అడుగులనుకుందాం. దాని మీద 2 అడుగుల ఎత్తున నీరు పారేదాకా కట్టకు భయం లేదనుకుందాం. ఆ ఎత్తులో దాదాపు 520 క్యూసెక్కులు (సెకనుకు 520 ఘనపుటడుగులు) బయటికి పోతాయి. అడుగెత్తు బస్తాలు పెడితే, పారడానికి మిగిలేది ఒక్క అడుగు. పోయేది 185 క్యూసెక్కులే. ఎత్తు సగమైతే పారకం మూడో వంతుకు పడిపోతుంది. మిగిలిన నీరు కట్టెక్కుతుంది. మట్టికట్ట మీంచి నీరు పొర్లిందంటే వెనకవాలు కోసుకుపోయి గండి పడుతుంది. అప్పుడు చెరువంతా ఒక్కసారిగా మీ మీదికొస్తుంది, మీ మత్తడిని అంత నీటికి కట్టలేదు. 1908 మూసీ వరదలో హైదరాబాద్‌కు ఎగువన ఇలాగే జరిగింది. పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య తేల్చారు.

పై ఊరివాళ్ల నీళ్ల అవసరం అబద్ధం కాదు. అందుకే "బస్తాలు తీయండి" అని మాత్రమే అడిగితే తగాదానే మిగులుతుంది. పూడికతీత సంగతి ఎత్తండి. పదెకరాల మేర అడుగు లోతు తీస్తే పది ఎకరా-అడుగుల నీరు మత్తడి మట్టానికి లోపలే నిలుస్తుంది. మట్టి సుమారు 12,300 ఘనపు మీటర్లు. ట్రాలీకి 3 చొప్పున నాలుగు వేల పైచిలుకు ట్రిప్పులు. అంత మట్టి వాళ్ల పొలాలకే అక్కర్లేదు, మీ ఊరి ట్రాక్టర్లు కూడా తోలుకోవచ్చు. కట్ట మొదలు దగ్గర మాత్రం తవ్వనివ్వకండి.

ప్రశ్న: భారీ వాన హెచ్చరిక రాగానే పై చెరువు తూము తెరిస్తే చాలదా?

జవాబు: చాలదు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే పోయేది రెండు ఎకరా-అడుగులు. నీరు 50 ఎకరాల్లో పరుచుకున్న చెరువుకు 5 క్యూసెక్కుల తూము ఉంటే, కొత్త నీరు రాకున్నా అడుగు దిగడానికి ఐదు రోజులు. రెండు రోజుల ముందు తెరిస్తే అర అడుగు కూడా దిగదు. మట్టం తగ్గించాలంటే చెరువు ముప్పాతిక నిండినప్పుడే, పంటకాలువ తట్టుకునేంత మేర, నిదానంగా వదలాలి. ఆ నీళ్లు ఏ పొలాల మీదుగా పోతాయో ఆ రైతులతో ముందే మాట్లాడుకోవాలి.

ప్రశ్న: వానలకు ముందు ఊళ్లన్నీ కలిసి చేయాల్సిన పనేంటి?

జవాబు: మత్తడి కాలువల పని కింది చెరువు నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. సాధారణంగా ఎవరి ఊరు వాళ్లు బాగుచేసుకుంటారు, తప్పు అక్కడే. పైది ముందు శుభ్రమైతే నీరు ఇంకా వేగంగా వచ్చి, గుర్రపుడెక్కతో మూసుకుపోయిన కింది కల్వర్టు దగ్గర ఎగదన్నుతుంది.

తర్వాత ప్రతి మత్తడి పక్కగోడ మీద అర అడుగు, అడుగు, అడుగున్నర దగ్గర రంగుగీతలు వేయించండి. నీరటికాళ్ల (చెరువు నీటిని చూసుకునేవాళ్ల) ఫోన్ నంబర్లు వరుసగా రాసి పెట్టుకోండి. "మత్తడి దుంకుతోంది" అంటే కింది ఊరికి ఏమీ తెలియదు. ఏ గీత దగ్గరుంది, పెరుగుతోందా తగ్గుతోందా, ఎన్ని గంటలకు చూశారు అన్న మూడూ చెప్పాలి. పైన గీత మారిన వేళ, మీ దగ్గర నీరు పెరిగిన వేళ నోట్‌బుక్కులో రాసుకుంటే, రెండు మూడు పారకాల్లో మీ మధ్య నీటి నడక ఎన్ని గంటలో తేలిపోతుంది. కట్ట వెనక ఊట తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉంటే చాలు. బురదగా మారితే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే, గీతల సంగతి పక్కనపెట్టి వెంటనే కింది ఊళ్లకూ నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరుకూ (ఏఈ) ఫోన్ చేయాలి.