ఉద్యోగం మానే ముందు ఆ మిల్లు గంటలు లెక్కపెట్టండి

ప్రశ్న: చిన్న బెంచ్‌టాప్ మిల్లింగ్ మెషీన్‌కి స్టెప్పర్ మోటార్లు (స్టెప్పు స్టెప్పుగా తిరిగేవి), బాల్ స్క్రూలు (ఆ తిప్పుడుని టేబుల్ కదలికగా మార్చేవి) బిగించి నేనే సీఎన్‌సీగా, అంటే కంప్యూటర్‌తో నడిచేలా మార్చుకున్నాను. రెండేళ్లుగా వారానికి 2 గంటలు సరదాగా వాడుతున్నాను, ఒక్క రిపేరు రాలేదు. ఇప్పుడు ఒక కంపెనీ నెలకి 200 అల్యూమినియం బ్రాకెట్లు అడుగుతోంది. ఒక్కోటి కట్ అవడానికి 20 నిమిషాలు, వైస్‌లో బిగించి మూడు టూల్స్ చేత్తో మార్చడానికి ఇంకో 6, చివర్లో ఆకురాయితో అంచులు రుద్దడానికి 5. పదింటికి ఒకటి పాడవుతోంది. లోహం ఖర్చు పోను నా జీతంలో సగం మిగులుతుంది. పొదుపంతా తీసి ఇంకో రెండు మెషీన్లు పెడితే మూడింతలు వస్తుంది కదా, ఉద్యోగం మానేయనా? ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: ఆర్డర్ తీసుకోండి. ఉద్యోగం మాత్రం మానకండి, పొదుపు జోలికి అసలే వెళ్లకండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ నిమిషాల లెక్క, ఇంత వివరంగా రాసేవాళ్లు తక్కువ, కానీ మీరే దాన్ని చివరిదాకా తీసుకెళ్లలేదు. పదింటికి ఒకటి పోతోందంటే 200 మంచివి ఇవ్వడానికి సుమారు 223 కొయ్యాలి. ఒక్కోటి 26 నిమిషాల చొప్పున 97 గంటలు, అంచులు రుద్దడానికి ఇంకో 17, మొత్తం దాదాపు 114 గంటలు. ఉద్యోగంలో నెలకి 160 గంటలు చేస్తారనుకుందాం. సగం జీతం అంటే 80 గంటల సంపాదన. అంటే 80 గంటల డబ్బు కోసం మీరు 114 గంటలు పెడుతున్నారు, పైగా పాడైన 23 ముక్కల లోహం, విరిగే ఎండ్ మిల్లులు (కోసే టూల్స్), కరెంటు ఇంకా ఇందులో కలపలేదు.

మూడు మెషీన్లకి మూడింతలు రాదు. ఒక్కో ముక్కకి మీ చేతులు పట్టే టైమ్ 11 నిమిషాలు, మూడింటికీ 33. ఒక మెషీన్ పూర్తి సైకిలే 26. మిమ్మల్ని వెతుక్కుంటూ ఎప్పుడూ ఏదో ఒక మెషీన్ ఖాళీగా నిలబడే ఉంటుంది. అంతకంటే ముఖ్యమైన విషయం, మీ చేతిలో ఉన్న ఆర్డర్ 200కే, మిగతా 400 ఎవరు కొంటారో ఉత్తరంలో ఎక్కడా లేదు.

కాబట్టి డబ్బు పెట్టాల్సింది ఉన్న మెషీన్ మీదే, అదీ కొంచెమే. ఒకేసారి ఆరు ముక్కలు పట్టే ఫిక్స్చర్ చేసుకోండి, ఎత్తు ముందే సెట్ చేసి పెట్టుకునే క్విక్ ఛేంజ్ టూల్ హోల్డర్లు కొనండి, అప్పుడు ప్రతిసారీ కాలెట్ (టూల్‌ని పట్టే బిగింపు) విప్పి మళ్లీ జడ్ సున్నా (టూల్ ఎత్తు లెక్క మొదలయ్యే చోటు) పట్టుకునే పని ఉండదు. ఆరు ముక్కలకి కలిపి 12 నిమిషాల్లో బిగింపు అయిపోయినా ముక్కకి 2 నిమిషాలే. తర్వాత స్పిండిల్, అంటే టూల్‌ని తిప్పే భాగం. ఇలాంటి చిన్న మిల్లులు చాలావరకు 2500 ఆర్‌పీఎం దగ్గర ఆగిపోతాయి, ఆ వేగంలో 6 మిల్లీమీటర్ల ఎండ్ మిల్ అంచు నిమిషానికి 47 మీటర్లే తిరుగుతుంది. అల్యూమినియంలో కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) టూల్ దీనికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. మీదీ అలాంటిదే అయితే, బేరింగులు తట్టుకునే మేరకు బెల్ట్ డ్రైవ్ మార్చి 20 నిమిషాలని 14కి తెచ్చినా చాలు. 223 ముక్కలు, 16 నిమిషాలు, మొత్తం 60 గంటల లోపే, అంచులు రుద్దడం మెషీన్ కోస్తుండగా పక్కనే కూర్చుని చేసుకోవచ్చు. రోజూ సాయంత్రం 3 గంటలు, 20 రోజులు. అదే ఆర్డర్, అదే మెషీన్, ఉద్యోగం అలాగే ఉంటుంది, ఇప్పుడు గంట లెక్కన జీతం కంటే మెరుగు.

పక్కనే కూర్చోమన్నది ఊరికే కాదు. మామూలు స్టెప్పర్‌కి ఫీడ్‌బ్యాక్ ఉండదు, టూల్ ఎక్కడైనా బిగుసుకుని నాలుగు స్టెప్పులు తప్పితే కంట్రోలర్‌కి తెలియదు, అది తన లెక్క ప్రకారం కోసుకుంటూ పోతుంది, ఫిక్స్చర్‌లో ఆరు ఉంటే ఆరూ పోతాయి. పదింటికి ఒకటి ఎందుకు పోతోందో ముందు కనిపెట్టండి, బ్యాక్‌లాషా (స్క్రూలో ఉండే లూజు), బిగింపు వదులవుతోందా, చిప్స్ (కోసినప్పుడు రాలే లోహపు తురుము) ఇరుక్కుంటున్నాయా అని.

ఇక రెండేళ్లలో రిపేరు రాలేదన్న మాట. వారానికి 2 గంటలంటే రెండేళ్లకి 208 గంటలు. ఈ ఆర్డర్‌కి ఇప్పుడున్న పద్ధతిలో స్పిండిల్ నెలకి 74 గంటలు తిరుగుతుంది, అంటే మీ రెండేళ్ల అరుగుదల మూడు నెలలు తిరక్కుండానే అయిపోతుంది. తిరిగిన ప్రతి గంటకీ ఇంత అని బేరింగులు, బాల్ నట్లు, మోటార్ కోసం వేరే ఖాతాలో వేసేయండి, అది లాభం కాదు. సొంతంగా మార్చిన మెషీన్‌ని అమ్మబోతే పెట్టిన డబ్బు వెనక్కి రావడం కూడా కష్టమే, అందుకే పొదుపు వద్దన్నాను.

కంపెనీ వాళ్లని లోహానికి అడ్వాన్స్ అడగండి, డబ్బు ఎన్ని రోజులకి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. ఇంటి బీమా ఉంటే, వ్యాపారం కోసం నడిపే మెషీన్ దాని కిందికి వస్తుందో లేదో ఒకసారి చదవండి.

మూడు నెలలు ఒక నోట్‌బుక్ పెట్టి తిరిగిన గంటలు, మంచివి, పాడైనవి, వచ్చిన డబ్బు రాయండి, ఇంట్లోవాళ్లకి కూడా చూపించండి. ఈలోగా రెండో కస్టమర్ దొరికితే, రెండో మెషీన్‌ని మొదటిది సంపాదించిన డబ్బుతోనే కొనండి. ఆ నోట్‌బుక్‌తో అప్పుడు మళ్లీ రాయండి, ఉద్యోగం సంగతి కలిసి చూద్దాం.